గంబో పాఠం 4: బాతును సిద్ధం చేసుకోవడం

గంబో అంటే అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో వండే చిక్కటి పులుసు. దాన్ని చిక్కబరచడానికి పిండిని నూనెలో రంగు వచ్చేదాకా వేయించి చేసేదే రూ. బాతు జోలికి వెళ్లేముందు పోయినసారి రూ సంగతి తేల్చాలి. మూడో పాఠం చదివి వండినవాళ్లలో చాలామందికి రూలో నల్ల చుక్కలు వచ్చాయి, మాడు వాసన వచ్చింది. ఎంత సన్న మంట మీద తిప్పినా అంతేనని రాశారు. తప్పు నాది. నేను 'గోధుమపిండి' అని రాశాను. మన ఇళ్లలో గోధుమపిండి అంటే చపాతీల పిండే కదా! రూకి కావాల్సింది మైదా. చపాతీ పిండిలో పొట్టు ఉంటుంది. పిండి చాక్లెట్ రంగుకి రాకముందే ఆ పొట్టు మాడిపోయి చుక్కలు తేలతాయి. మీ చేతిలో లోపమేమీ లేదు, మైదాతో మళ్లీ చేయండి. మాడిన రూని మాత్రం ఉల్లిపాయలు వేసి, నీళ్లు పోసి కాపాడాలని చూడకండి. ఆ చేదు ఎన్ని చేసినా పోదు. పారబోసి కొత్తగా మొదలుపెట్టడమే.

ఇంకొందరు రంగు బాగానే వచ్చింది గానీ గంబో చారులా పల్చగా ఉందన్నారు. రూ ఎంత ముదిరితే చిక్కబరిచే గుణం అంత తగ్గుతుంది. వేరుశనగ వెన్న రంగులో ఆపిన రూ కన్నా డార్క్ చాక్లెట్ రంగు రూ ఎక్కువ పడుతుంది. అందుకే లూసియానాలో బెండకాయ వేస్తారు, లేదా దింపాక ఫీలే చల్లుతారు. ఫీలే అంటే ససాఫ్రాస్ చెట్టు ఆకుల పొడి, అక్కడి ఆదివాసులైన చాక్టా ప్రజల నుంచి వచ్చింది. పొయ్యి మీద ఉడుకుతుండగా వేస్తే తీగలు సాగుతుంది, కాబట్టి మంట ఆపాకే వేయాలి.

ఇక బాతు. అమెరికాలో ఉన్నవాళ్లకి దొరికేది ఎక్కువగా గడ్డకట్టిన పెకిన్ బాతు. 5, 6 పౌండ్లు, అంటే సుమారు రెండున్నర కిలోలు ఉంటుంది. ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచండి. వేణ్నీళ్లలో పడేసి తొందరపెట్టకండి. కత్తికి పదును పెట్టడం, ఉల్లిపాయలు, సెలరీ, క్యాప్సికం తరగడం మీకు తెలిసినవే, అవి చెప్పను.

పొట్టలో ఒక పొట్లం ఉంటుంది, తీయండి. మెడ, గుండె, కందనకాయ స్టాక్‌లోకి, అంటే ఎముకలు మరిగించి తీసే రసంలోకి, పనికొస్తాయి. కార్జం వద్దు, స్టాక్ మడ్డిగా, చేదుగా మారుతుంది. దాన్ని విడిగా వేయించుకుని తినేయండి. తర్వాత బాతుని బోర్లా తిప్పి తోక మొదట్లో వేలితో తడమండి. చర్మం కింద రెండు చిన్న బొడిపెలు తగులుతాయి. అవి నూనె గ్రంథులు, బాతు ఈకలకి పూసుకునే నూనె అక్కడే ఊరుతుంది. చుట్టూ కోసి తీసేయండి, లేకపోతే కుండంతా ఆ వాసనే.

కోడిని ముక్కలు చేసినట్టే చేస్తారు గానీ ఒక్క తేడా. బాతు తొడ కీలు కోడికన్నా వెనక్కి, వీపు వైపుకి ఉంటుంది. కోడి కీలు ఉండేచోట కోస్తే కత్తి ఎముకకి తగిలి ఆగిపోతుంది. తొడని చేత్తో వెనక్కి గట్టిగా విరవండి. టప్ మని కీలు బయటపడుతుంది, అక్కడ కోయండి. రొమ్ము ముక్కలు రెండూ చర్మంతోనే విడదీయండి. మిగిలిన గూడు, రెక్కలు స్టాక్‌కి.

ఇప్పుడు అసలు విషయం. కొంచెం ఓపికగా చదవండి.

మనకి చిన్నప్పటి నుంచి అలవాటైన గుర్తు ఒకటుంది: నూనె పైకి తేలితే కూర అయిపోయినట్టు. కోడికూరకి, వంకాయ కూరకి, టమాటా పచ్చడికి, దేనికైనా అదే లెక్క. అమ్మ గరిటెతో పక్కకి నెట్టి చూసి 'నూనె తేలింది, దింపెయ్' అనేది. గంబోకి ఇది పూర్తిగా తలకిందులు. గంబో మీద నూనె తేలిందంటే బాతు కొవ్వు తీయకుండా వేశారని, లేదా రూ విరిగిందని అర్థం. పోయినసారి కోడితో వండినవాళ్లలో ఒకరు ఫోటో పంపారు, గిన్నె మీద వేలెడు మందాన ఎర్రటి నూనె. బాగా కుదిరిందని సంతోషంగా రాశారు. ఆ సంతోషం చూసి నాకు బాధేసింది. ఈ అలవాటు గురించి ముందే చెప్పాల్సింది. కోడితోనే అంత తేలితే బాతుతో ఎంత తేలుతుందో ఆలోచించండి.

అలాగని తోలు ఒలిచి చెత్తబుట్టలో వేయకండి. 'స్కిన్‌లెస్ చేసుకుంటే పోలా' అని ముగ్గురు అడిగారు. బాతు రుచిలో సగం ఆ కొవ్వులోనే ఉంది. దాన్ని కరిగించి, విడదీసి, మనకి కావాల్సినంతే వాడుకోవాలి.

తొడలు, రొమ్ము ముక్కలు తుడిచి, తోలు మీద కత్తితో గళ్లు పెట్టండి. తోలు, కొవ్వు మాత్రమే తెగాలి, మాంసం తెగకూడదు. చల్లటి ఇనప పెనంలో తోలు కిందకి వచ్చేలా పెట్టి, అప్పుడు సన్న మంట వెలిగించండి. కాలిన పెనంలో వేస్తే తోలు పైన బిగుసుకుపోయి కొవ్వు లోపలే ఉండిపోతుంది. పదిహేను, ఇరవై నిమిషాల్లో ముక్క తన కొవ్వులో తానే వేగుతూ కనిపిస్తుంది. కోసేటప్పుడు మిగిలిన తోలు ముక్కల్ని అరకప్పు నీళ్లతో విడిగా కాచండి. నీళ్లు ఇగిరేదాకా చిటపటలాడి తర్వాత నెమ్మదిస్తుంది. వెన్న కాచేటప్పుడు నెయ్యి తేరుకున్నట్టే. పెనంలో కరిగిన కొవ్వు, ఇదీ కలిపి వడగట్టి సీసాలో పోసుకోండి. రూకి సగం ఈ కొవ్వు, సగం మామూలు నూనె వాడతాను. పూర్తిగా బాతు కొవ్వుతో చేసేవాళ్లున్నారు, నాకది బరువనిపిస్తుంది.

గూడు, రెక్కల్ని అవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావు గంట ఎర్రగా కాల్చి, మెడ, ఉల్లి, సెలరీతో సన్నమంట మీద మూడు గంటలు మరిగించండి. తొడలు అందులోనే వేసి గంటన్నరకి తీసి మాంసం విడదీయండి. రొమ్ము ముక్కలు గంబో చివరి అరగంటలో వేయాలి, ముందే వేస్తే పీచుపీచవుతాయి. నాకైతే తొడ మాంసమే ఇష్టం.

స్టాక్‌ని వడగట్టి, వెడల్పు గిన్నెల్లో పోసి ఆరనిచ్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారి మూత తీస్తే పైన కొవ్వు తెల్లగా, గడ్డకట్టిన నెయ్యిలా పలకగా ఉంటుంది. అంచు కింద చెంచా పెట్టి లేపితే మొత్తం ఒకేసారి వస్తుంది. కింద స్టాక్ జున్నులా కదులుతుంది. కదలకపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, ఇంకాస్త మరిగించండి.

ఇంత చేసినా గంబోలో వేసే ఆండూయి (పొగబెట్టిన పంది మాంసపు సాసేజ్) కొంత కొవ్వు వదులుతుంది. గంబో ఉడికేటప్పుడు కుండని మంట మీంచి సగం పక్కకి జరపండి. ఉడుకు ఒకవైపే ఉంటుంది, నూనెంతా చల్లటి వైపు చేరుతుంది. గరిటెతో తీసేయండి.

వేటాడిన బాతు తెచ్చుకునే లూసియానా వాళ్లకి ఒక మాట. మల్లార్డ్, టీల్ లాంటి వాటికి కొవ్వు చాలా తక్కువ, ఈ కరిగించే పని ఉండదు, పైగా నూనె వేయాలి. 1991 నుంచి అమెరికాలో నీటిపక్షుల వేటలో సీసం గుళ్లు నిషేధం, ఇప్పుడు వాడేవి ఎక్కువగా ఉక్కువి. పంటి కింద పడితే పన్ను విరుగుతుంది. ప్రతి ముక్కనీ వేళ్లతో తడిమి చూడండి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కోతలయ్యాక పొలాల్లో తిప్పి మేపే నాటు బాతు వాడేవాళ్లకీ కొవ్వు తక్కువే వస్తుంది. మాంసం మాత్రం గట్టిగా ఉంటుంది, తొడలకి రెండున్నర గంటలైనా పడుతుంది.

ఈ వారం గంబో వండకండి. ఒక బాతుని కోసి, కొవ్వు తీసి, స్టాక్ కాచి రాత్రంతా ఉంచి, కొవ్వు పలకని లేపి తూకం వేయండి. సీసాలో కొవ్వు ఎంత, పలక ఎంత అని విడివిడిగా రాసుకోండి. పలక సీసాలోని కొవ్వు కన్నా బరువుంటే పెనం మీద తొందరపడ్డారన్నమాట, ఇంకో బాతుతో మళ్లీ చేయండి. ఖర్చని తెలుసు, అయినా చేయండి. స్టాక్‌ని మాత్రం ఫ్రీజర్‌లో దాచండి, ఐదో పాఠంలో దాంతోనే మొదలుపెడతాం.