అమెరికా చదువుకు అప్పు చేసే ముందు అక్కడి మధ్యతరగతి పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీకి వెళ్లి పిల్లల ఎమ్మెస్ గురించి మాట్లాడే తల్లిదండ్రులు తరచూ ఒకే లెక్క వేస్తారు. అక్కడ రాబోయే జీతాన్ని డాలరు ధరతో హెచ్చవేసి, వచ్చిన రూపాయల మొత్తాన్ని చూసి, రెండు మూడేళ్లలో అప్పు తీరిపోతుందని నమ్ముతారు. జీతంతో పాటు ఖర్చులు కూడా డాలర్లలోనే ఉంటాయన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. ఉద్యోగం దొరికితే స్థిరమైన మధ్యతరగతి జీవితం దానంతటదే అమరుతుందన్న నమ్మకమూ అందులో కలిసి ఉంటుంది. 1990ల చివర్లో వెళ్లిన బంధువులకు అది నిజమై ఉండవచ్చు గానీ, వారి అనుభవాన్ని నేటి అప్పుకు పూచీగా తీసుకోకూడదు.

ముందుగా అక్కడ ఏం మారిందో తెలుసుకోవాలి. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ, దేశపు మధ్యస్థ కుటుంబ ఆదాయంలో (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ ఉండే అంకె) మూడింట రెండు వంతుల నుంచి రెట్టింపు దాకా ఆదాయం ఉన్నవారిని, కుటుంబంలో ఎందరున్నారన్నది కూడా చూసుకుని, మధ్యతరగతిగా లెక్కిస్తుంది. 1971లో అమెరికా వయోజనుల్లో 61 శాతం మంది ఈ పరిధిలో ఉండగా, 2023 నాటికి 51 శాతమే మిగిలారు. పై తరగతి 11 నుంచి 19 శాతానికి, కింది తరగతి 27 నుంచి 30 శాతానికి పెరిగాయి. మధ్య నుంచి జారినవారికంటే పైకి ఎక్కినవారే ఎక్కువన్నది నిజమే. అయితే దేశం మొత్తం ఆదాయంలో మధ్యతరగతి వాటా 1970లో 62 శాతం కాగా, 2022లో 43 శాతానికి పడిపోయింది. అంటే మంచి ఉద్యోగం దొరికినవారికి, దొరకనివారికి మధ్య దూరం బాగా పెరిగింది. మన బిడ్డ ఏ వైపు ఉంటాడో, ఉంటుందో ముందే తెలియదు కనుక అప్పును రెండు వైపులకూ సరిపోయేలా చేయాలి.

ఈ మార్పు ఒక్క మాంద్యంతో వచ్చింది కాదు. 1979లో దాదాపు 1.95 కోట్లు ఉన్న కర్మాగారాల ఉద్యోగాలు 2010 నాటికి సుమారు 1.15 కోట్లకు తగ్గాయి. యంత్రాలు, 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక పెరిగిన దిగుమతులు, 2008 సంక్షోభం అందుకు ప్రధాన కారణాలు. కార్మిక సంఘాల్లో సభ్యత్వం 1983లో 20 శాతం ఉండగా ఇప్పుడు 10 శాతం దగ్గరకు వచ్చింది. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చదువుతూనే బయట చిన్న పని చేసుకుని ఖర్చులు వెళ్లదీయవచ్చని ఎవరైనా చెబితే ఈ అంకెను గుర్తుచేసుకోవాలి. పైగా అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసా హోదాకే ముప్పు.

ఇక జీతం లెక్క. 2023లో అమెరికా మధ్యస్థ కుటుంబ ఆదాయం 80,610 డాలర్లు. చాలా ఇళ్లలో అది ఇద్దరి సంపాదన. కాబట్టి ఒక్కరి జీతాన్ని దానితో పోల్చి మురిసిపోకుండా, పన్నులు, ఇంటి అద్దె, ఆరోగ్య బీమా, కారు ఖర్చు తీసేశాక నెలకు చేతిలో ఎంత మిగులుతుందో చూడాలి. ఊరిని బట్టి ఇది చాలా మారుతుంది. డాలస్ ఉన్న టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, న్యూజెర్సీలో ఉంది. ఈ వివరాలను కన్సల్టెన్సీని అడిగే బదులు, అదే కాలేజీలో చదివి రెండేళ్లలోపు వెళ్లిన సీనియర్లను అడగడం మేలు. ఉద్యోగం వచ్చినవారినే కాకుండా ఇంకా వెతుకుతున్నవారినీ తప్పక అడగాలి.

అప్పు వైపు లెక్క మరింత జాగ్రత్తగా వేయాలి. 40 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 55 వేల ఈఎంఐ పడుతుంది. చదువుకునే కాలంలో వడ్డీ కట్టకపోతే అది అసలులో కలిసి, బాకీ 50 లక్షలకు చేరితే, ఈఎంఐ 69 వేలకు దగ్గరవుతుంది. ఉద్యోగం ఉన్నవారికి ఇది కష్టం కాదు. అయితే చదువయ్యాక పని అనుమతి 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగు కోర్సులకు మరో 24 నెలలు మాత్రమే. ఆ తర్వాత కావలసిన హెచ్‌1బి అనే ఉద్యోగ వీసాలకు సాధారణ వార్షిక పరిమితి 85,000 కాగా, దరఖాస్తులు అంతకంటే చాలా ఎక్కువ. అది వచ్చినవారు కూడా ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి. అందువల్ల బిడ్డ తిరిగి వచ్చి విజయవాడలోనో హైదరాబాదులోనో రూపాయల జీతానికి చేరితే ఈఎంఐ ఎవరు కడతారన్న ప్రశ్నకు, మంజూరు కాగితం మీద సంతకం పెట్టకముందే ఇంట్లో అందరూ కూర్చుని జవాబు తేల్చుకోవాలి.

పొలం మీద వచ్చే ఆదాయంతో కడతామనుకునేవారు మిర్చి ధరను నమ్ముకుని ఆ మాట అనకూడదు. 2025 ఫిబ్రవరిలో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి మార్కెట్ జోక్య పథకం తేవలసి వచ్చింది. ఉన్న ఒక్క ఇంటినీ తనఖా పెట్టి చేసే అప్పును నేను ఎవరికీ సిఫారసు చేయను. కొంత స్థలం అమ్మి అప్పును తగ్గించుకోవడం, లేదా తక్కువ ఫీజున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం అంతకంటే భద్రం.

అన్నీ చూసుకున్నాక కూడా వెళ్లాలనే నిర్ణయిస్తే, చదువుకునే కాలంలో కనీసం వడ్డీనైనా నెలనెలా కట్టే ఏర్పాటు చేయమని బ్యాంకును అడగాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80ఈ సెక్షన్‌గా ఉన్న నిబంధన కింద, కట్టడం మొదలైన ఏడాది నుంచి మొత్తం 8 ఏళ్లపాటు ఆ వడ్డీపై మినహాయింపు ఉంటుంది. అందుకే రుణపత్రంలో ఎవరి పేరు ఉండాలో, వడ్డీ ఎవరి ఖాతా నుంచి కట్టాలో మంజూరుకు ముందే ఆడిటరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.