హిమోగ్లోబిన్ బాగున్నా ఆయాసమా? ఫెరిటిన్ చూడండి

కేబీఆర్ పార్కులో సగం చుట్టుకే నా కాళ్లు పీకేసి గుండె దడదడలాడేది. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12.5. ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే రక్తపరీక్ష ఫెరిటిన్ మాత్రం 11. అది 30 కంటే తక్కువైతే ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. జ్వరంలో చేయిస్తే అంకె పెరిగి మోసం చేస్తుంది.

డాక్టరు రాసిన ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసం నీళ్లతో. రోజూ వేస్తే ఐరన్‌ను అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మర్నాటి మాత్ర సరిగా ఒంటబట్టదు. కడుపులో తిప్పితే తిన్నాకే వేసుకోండి, మానేయడం కంటే నయం. ఐరన్‌ను ఒంటబట్టనివ్వని అసలు దొంగ ఇరానీ చాయ్: మాత్రకు ముందూ వెనకా రెండు గంటలు ముట్టొద్దు. కాల్షియం మాత్ర రాత్రికి మార్చాలి.

ఆయాసం తగ్గగానే ఆపొద్దు; నిల్వలు నిండడానికి మూడు నెలలైనా పడుతుంది. ఐరన్ తగ్గడానికి కారణంగా ఒంట్లోంచి రక్తం ఎక్కడైనా పోతోందేమో కూడా వెతికించండి.