ఆల్జినేట్ కలిపే ముందు నీళ్లు చూసుకోండి

ఆల్జినేట్‌తో (నీళ్లు కలిపితే రబ్బరులా బిగిసే అచ్చు పొడి) చేతి అచ్చో, ముఖం అచ్చో తీయబోతున్నారా? పొడి ప్యాకెట్ విప్పే ముందు ఇవి చూసుకోండి.

• పరీక్షించని నీళ్లతో పెద్ద మిక్స్ కలపొద్దు. ఆల్జినేట్‌ను గట్టిపరిచేది కాల్షియం. పొడిలో అది కొలతగా ఉంటుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం దానికి తోడైతే కలుపుతుండగానే గిన్నెలో విరిగిన పాలలా ఉండలు కడుతుంది. ఇక ఆ పొడి మొత్తం పోయినట్టే.

• ముందురోజే అవే నీళ్లతో రెండు చెంచాల పొడి కలిపి టైమర్ పెట్టండి. వేలితో నొక్కితే అంటుకోకుండా, సొట్ట పడకుండా తిరిగి పైకి లేచిందంటే గట్టిపడినట్టు. అసలు పనికి మీకు దొరికే టైమ్ అంతకంటే తక్కువే.

• అనుమానముంటే డిస్టిల్డ్ వాటర్ వాడండి. మరిగించి చల్లార్చితే చాలనుకోవద్దు, మరిగిస్తే పోయేది తాత్కాలిక కాఠిన్యమే, మిగతా ఖనిజాలు నీళ్లలోనే ఉండిపోతాయి.

• థర్మామీటర్ పెట్టి చూడండి, 20–22 డిగ్రీలు మంచిది. వెచ్చని నీళ్లలో త్వరగా బిగుస్తుంది, చల్లని నీళ్లలో నెమ్మదిస్తుంది.

• త్వరగా బిగుస్తోందని నీళ్లు ఎక్కువ పోయొద్దు. అచ్చు బలహీనపడి, చెయ్యి తీసేటప్పుడు వేళ్ల సందుల్లో చిరుగుతుంది. నీళ్లు చల్లబరచండి, కొలత మాత్రం మార్చొద్దు.

• బకెట్ అంచున ఎండిన పాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంటే గీకేయండి. అందులోనూ కాల్షియం ఉంటుంది. చాలామంది నీళ్లను తిట్టుకుంటారు గానీ, తప్పు ఒక్కోసారి ఈ తెల్లటి పొరది.