కొత్త ల్యాప్‌టాప్, పాత రౌటర్: వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే ఎలా సరిచేయాలి?

ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ వస్తుంది. నిన్నగాక మొన్న కొన్న ల్యాప్‌టాప్‌కు మాత్రం కాసేపు ఉంటుంది, పోతుంది, మళ్లీ తనంతట తానే వస్తుంది. విజయనగరంలో తెలిసినవారి ఇళ్లలో ఈ మొర వినగానే నేను మొదట చెప్పేది ఒక్కటే: రౌటర్ వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చకండి. కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి పీపీపీఓఈ (ఆపరేటర్ లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లోనే దాచి ఉంటాయి. రీసెట్ చేస్తే అవి చెరిగిపోతాయి. అప్పటిదాకా ఒక్క ల్యాప్‌టాప్‌కు ఉన్న ఇబ్బంది ఇల్లంతటికీ పాకుతుంది. అది సిరిమానోత్సవం వారమైతే ఆపరేటర్ మనిషి మీ గుమ్మం తొక్కేది పండగ అయ్యాకే.

కొత్త రౌటర్ కొనడానికి కూడా అప్పుడే బయలుదేరకండి. చాలా ఇళ్లలో రెండు మూడు సెట్టింగులు మారిస్తే సరిపోతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిన క్షణంలోనే ఫోను చేతిలోకి తీసుకుని, మొబైల్ డేటా ఆపి, వైఫై మీద ఏదైనా తెరిచి చూడండి. ఫోనులోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌ది తప్పు కాదు. రౌటరో, బయటి లైనో చూసుకోవాలి. ఫోనులో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే తగవు ఆ రెండింటి మధ్యే.

తర్వాత ల్యాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి ఓ అరగంట వాడండి. హాట్‌స్పాట్ సెట్టింగులో 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటి) ఎంచుకోవడం మరవకండి. పాత రౌటర్లలో చాలావాటికి ఆ ఒక్క బ్యాండే ఉంటుంది కాబట్టి, పోలిక దానితోనే కుదురుతుంది. హాట్‌స్పాట్ మీద కూడా తెగిపోతుంటే ల్యాప్‌టాప్ వారంటీ కాగితం బయటికి తీయండి.

ఇక మూడో పరీక్ష. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద దాని చిరునామా ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దానికి ఆనించి టీ అక్షరం కొట్టండి. వరసలు వస్తూనే ఉంటాయి. ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కాలి. ఒకే గదిలో కూర్చున్నప్పుడు జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. వందల్లోకి పోతున్నా, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడుతున్నా వైఫై దగ్గరే చిక్కు ఉంది. ఇక్కడ జవాబులు చక్కగా వస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. ఈ తెర ఫోటో తీసి పంపితే, మీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉందని తప్పించుకునే వీలు వారికి ఉండదు.

కరెంటు సంగతి

దీన్ని ఎవరూ అనుమానించరు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లిప్తపాటు విరామం ల్యాప్‌టాప్‌కు తెలియదు, దానికి బ్యాటరీ ఉంది. రౌటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. లైన్ కలిసేసరికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. బల్బు మిణుకుమన్నట్టు కూడా అనిపించదు గనుక నిందంతా కొత్త ల్యాప్‌టాప్ మీదికి పోతుంది. తెగినప్పుడు రౌటర్ దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలుగుతున్నాయేమో చూడండి. అదే జరుగుతుంటే ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే అటు వేయండి, లేదా రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి.

కరెంటు పోకపోయినా దీపాలు ఆరి వెలుగుతుంటే అడాప్టర్ నీరసించి ఉండవచ్చు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసిన ఓల్టులు, పిన్ను ధ్రువాలు అచ్చంగా కలవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. 12 ఓల్టులు, 1 ఆంపియర్ రౌటర్‌కు 12 ఓల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టవచ్చు. 9 ఓల్టులది పెట్టకూడదు.

రౌటర్ ఎక్కడుంది?

కోట చుట్టుపక్కల పాత ఇళ్ల గోడలు ఎంత మందమో తెలిసిందే. వాటికి తోడు రౌటర్‌ను టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన పెడతారు. ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రౌటర్‌ను అక్కడినుంచి తీసి, గుమ్మానికి ఎదురుగా మనిషి ఎత్తులో పెట్టండి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడే వైఫై నీరసిస్తుంటే ఆశ్చర్యపోకండి. ఆ తీగలు ఇదే బ్యాండులో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే చెప్పింది. డిస్కును అవతలి వైపు పోర్టుకు మార్చి చూడండి.

రౌటర్ సెట్టింగులు

అసలు పని ఇక్కడుంది. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి లోపలికి వెళ్లండి. కొత్త పలుచటి ల్యాప్‌టాప్‌లకు ల్యాన్ పోర్టు (నెట్ తీగ గుచ్చే రంధ్రం) ఉండడం లేదు కాబట్టి, బాగా పనిచేస్తున్న ఫోనులోంచే ఈ పని చేసుకోవచ్చు. ఏదీ ముట్టుకోకముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, కొన్ని గంటలు వాడి చూశాకే రెండోదానికి పోండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

మొదట భద్రత, అంటే వైఫైకి వేసే తాళం పద్ధతి. పాత రౌటర్లలో డబ్ల్యూఈపీ గానీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 కలగలుపు గానీ, దాని పక్కన టీకేఐపీ గానీ కనిపిస్తాయి. ఇవన్నీ పాతకాలపు తాళాలు, ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్లిపోయినవి. కొత్త ల్యాప్‌టాప్‌లు వీటిని నమ్మవు. విండోస్ ఈ నెట్ భద్రం కాదని హెచ్చరిస్తుంది. పైగా 2009లో వచ్చిన 802.11ఎన్ అనే వైఫై తరం వేగాలు టీకేఐపీతో అందవు, 54 మెగాబిట్ల దగ్గర ఆగిపోతాయి. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. 2004 నుంచీ ఉన్న పద్ధతే గనుక మీ రౌటర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే ఉంచితే మిగతా ఫోన్లలో చాలావరకు తిరిగి కొట్టే పని ఉండదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం పాత నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి.

రెండోది ఛానల్, అంటే బ్యాండులో రౌటర్ వాడుకునే దారి. ఆటో అని వదిలేస్తే కొన్ని రౌటర్లు అదేపనిగా ఛానల్ మారుస్తుంటాయి, మారినప్పుడల్లా ల్యాప్‌టాప్ విడిపోతుంది. 1, 6, 11 ఛానళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. ఫోనులో వైఫై ఎనలైజర్ యాప్ వేసి, ఇరుగుపొరుగువారు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. కాగితం మీద వేగం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, అపార్టుమెంటుల్లో నిలకడ దీనితోనే వస్తుంది.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే మరో చిక్కు ఉంది. అక్కడి పరికరాలు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 దాకానే చూస్తాయి. మీ రౌటర్ 12 లేదా 13 మీద ఉంటే ఆ ల్యాప్‌టాప్‌కు మీ వైఫై పేరే కనిపించదు. మ్యాక్ ఫిల్టర్ (జాబితాలో ఉన్న పరికరాలనే రానిచ్చే సెట్టింగు) ఉందేమో కూడా చూడండి. ఎప్పుడో పక్కింటివాళ్లు వాడుకోకుండా పెట్టి మరిచిపోయిన జాబితాలో కొత్త ల్యాప్‌టాప్ ఉండదు కదా.

ల్యాప్‌టాప్ వైపు

వైఫై కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌తో మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి వైఫై డ్రైవర్ దించుకోండి. డ్రైవర్ అప్‌డేట్ అయిన రోజు నుంచే గొడవ మొదలైతే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లండి.

అదే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై పేరు మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది. విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్కు తీసేయండి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ట్యాబ్ కనిపించదు, వెతుక్కుంటూ కూర్చోకండి. పక్కనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో వైర్‌లెస్ మోడ్ అని ఉంటే, ఏఎక్స్ (కొత్త తరం) నుంచి ఎన్‌కు (పాత తరం) మార్చి ఒకరోజు చూడండి. కొత్త కార్డు పాత రౌటర్‌తో మాట కలపలేక తడబడుతున్న సందర్భాల్లో ఇది పనిచేస్తుంది. ఇంట్లో ఒకే రౌటర్ ఉంటే రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ను (మరో మెరుగైన సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్ వెతికే తొందరను) కనిష్ఠానికి తగ్గించవచ్చు.

రౌటర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చివరి ప్రయత్నంగా ఉంచండి. మబ్బు పట్టిన రోజున అసలే వద్దు. మధ్యలో కరెంటు పోతే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇంత చేసినా దారికి రాకపోతే అప్పుడు రెండు బ్యాండ్‌ల కొత్త రౌటర్ కొనండి. దుకాణానికి వెళ్లేముందే ఆపరేటర్‌ను పీపీపీఓఈ వివరాలు అడిగి రాసి పెట్టుకోండి. పాతదాన్ని పారేయనక్కర్లేదు. దాని చిరునామాను కొత్త రౌటర్ వరసలోనే ఎవరూ వాడని అంకెకు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, కొత్త రౌటర్ నుంచి తెచ్చిన ల్యాన్ తీగను దాని వాన్ పోర్టుకు (బయటి లైన్ గుచ్చేది) కాక ల్యాన్ పోర్టుకు గుచ్చితే, సిగ్నల్ అందని పెరటి గదికి వైఫై ఇస్తుంది.