మాంక్‌లా వాయించాలంటే ముందు తాళం నిలవాలి

అమెరికన్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మాంక్ పియానో మొదటిసారి విన్నప్పుడు ఆయన వేలు పొరపాటున పక్క మెట్టుకు తగిలిందనుకున్నాను. ఆ పొరపాటే మళ్లీ అదే చోట వినిపించేసరికి, తప్పు నా చెవిదని తెలిసింది.

ఆయన 1954లో రికార్డు చేసిన ‘బ్లూ మాంక్’తో మొదలుపెట్టండి. బి ఫ్లాట్ శ్రుతిలో పన్నెండు బార్ల బ్లూస్, అంటే నాలుగేసి దెబ్బల ఆవృత్తాలు పన్నెండు తిరిగే జాజ్ పాట రూపం. వరస పక్కపక్క మెట్ల మీదుగా ఎక్కుతుంది, వేళ్లకు పెద్ద శ్రమ లేదు.

ఎడమ చేతికి రెండే స్వరాలివ్వండి: కింద బి ఫ్లాట్, పైన ఎ ఫ్లాట్. నిండు కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీద మోజు వదులుకోవాలి. ఈ బోలుతనం వల్లనే కుడి చేతి గరుకు బయటపడుతుంది. తాళం కొట్టే పరికరం మెట్రోనోమ్‌ను ప్రతి బారులో రెండో, నాలుగో దెబ్బలకే మోగనిచ్చి, మిగిలినవి మీ కాలికి అప్పగించండి.

ఇప్పుడు అసలు పని. ఇ, ఎఫ్ మెట్లను ఒకేసారి గట్టిగా కొట్టి, వెంటనే ఇ మీది వేలు తీసేయండి. ఎఫ్ మోగుతూనే ఉండాలి. గమకం పలకని వాద్యంలో రెండు మెట్ల సందులోని స్వరం ఉన్నట్టు భ్రమ కలిగించే ఉపాయమిది. నేను మొదట్లో వేలు ఆలస్యంగా తీసేవాణ్ణి. పక్క గదిలోంచి “ఏం పడింది?” అని అడిగేవారు.

హోల్ టోన్ జారుడు, అంటే ప్రతిసారీ మధ్యలో ఒక మెట్టు వదిలి కిందికి దిగడం, కూడా నేర్చుకోండి: సి, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఇ, డి. పన్నెండు బార్లకు ఒక్కసారి చాలు. ప్రతి బారులో వాడితే ఎంత వెగటుగా ఉంటుందో నేను స్వయంగా రుజువు చేశాను. వేళ్లు చాచి బల్లపరుపుగా పెట్టడం ఆయన అలవాటు. నాకు మణికట్టు నొప్పి తప్ప ఏమీ దక్కలేదు, మానేశాను.

సోలోలో, అంటే సొంతంగా కల్పించి వాయించే భాగంలో, వరసను వదిలి పారిపోకండి. దాన్నే వాయిస్తూ అక్కడక్కడ స్వరాలు తీసేయండి, ఒకటి ఆలస్యంగా వేయండి. తర్వాత రెండు బార్లు పూర్తిగా ఆగండి. 1957లో న్యూయార్క్ ఫైవ్ స్పాట్ జాజ్ క్లబ్బులో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ సోలో వాయిస్తుంటే మాంక్ పియానో వదిలి లేచి చిందులు వేసేవారు. మీరు చేతులు ఒళ్లో పెట్టుకుంటే చాలు, కాలు మాత్రం ఆగకూడదు.

ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినండి. నా మొదటి రికార్డింగులో ఆ రెండు బార్ల మౌనం ఒకటిన్నర బారుకే ముగిసింది.