తక్కువ ధర జాజ్ బేస్ కొనేముందు ఎలా పరీక్షించాలి?

రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం చుట్టుపక్కల చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో బేస్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) వాయించే కుర్రాళ్లు గిటార్ కొన్న తర్వాత నా దగ్గరికి తెస్తారు. "అన్నా, ఎలా ఉందో చూసి చెప్పు" అంటారు. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు, వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడుగు చెక్క, మెలి తిరిగి ఉంటే నేను మాత్రం ఏం చెప్పను? క్రిస్మస్ ముందు ప్రతి ఏడాదీ ఇదే వరస. ఈ పరీక్షకు పట్టేది ముప్పావు గంట. అది కొనకముందు పెట్టండి.

జాజ్ బేస్ అంటే ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన డిజైన్. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని పట్టే ఒంటి తీగచుట్ట అయస్కాంతాలు), నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర 38 మిల్లీమీటర్లే ఉండే సన్నని నెక్, నట్ నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా 34 అంగుళాల తీగ. అమెరికాలో తయారైనది కొనాలంటే లక్ష పైమాటే. అదే కంపెనీ స్క్వైర్ పేరుతో చవక రకాలు అమ్ముతుంది. 1965లో తాము కొన్న ఒక తీగల కంపెనీ పేరునే 1982 నుంచి చవక గిటార్లకు పెట్టారు. ఇదే ఆకారంలో వేరే కంపెనీలవీ బోలెడు దొరుకుతాయి.

ఇక్కడొక సంగతి అర్థం చేసుకోవాలి. తీగ పొడవు, ఫ్రెట్ల (నెక్ మీది లోహపు అడ్డ కమ్మీల) మధ్య దూరాలు, మూడు నాబ్‌ల అమరిక ఖరీదైనదాంట్లోనూ చవకదాంట్లోనూ ఒకటే. కంపెనీ డబ్బు మిగుల్చుకునేది బ్రిడ్జ్, తీగలు బిగించే కీలు, నాబ్‌ల కింద ఉండే లోపలి పాట్‌ల దగ్గర. అంతకన్నా ఎక్కువ మిగిలేది ఫ్రెట్లు నున్నగా రుద్దే చోట, నట్‌లో తీగలు కూర్చునే గాడులు కోసే చోట, అంటే మనిషి చేతిపని దగ్గర. అందుకే ఒకే మోడల్, ఒకే రంగు, ఒకే రోజు వచ్చిన రెండు డబ్బాలు విప్పితే ఒకటి బంగారంలా ఉంటుంది, రెండోది వాయించలేం. మోడల్ పేరు చూసి కొనకండి. చేతిలో ఉన్న ఆ ఒక్క పీస్‌ను చూసి కొనండి.

ఫోన్‌లో రివ్యూ వీడియో చూసి "సౌండ్ బాగుందన్నా" అనేవాళ్లతో నాకు పెద్ద ఇబ్బంది. బేస్‌లో లావు తీగ, ఇ తీగ, మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. మీరు విన్నది పై స్వరాలు మాత్రమే. ఆ వీడియో చూసి బేస్ కొనడం ఫొటో చూసి పులస రుచి చెప్పడం లాంటిది.

దగ్గర ఉండాల్సినవి

ఫోన్‌లో ట్యూనర్ యాప్, 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, ఒక విజిటింగ్ కార్డు, ఒక ఏటీఎం కార్డు, సొంత స్ట్రాప్ (భుజానికి తగిలించుకునే పట్టీ), సొంత కేబుల్. షాపు కేబుల్ వద్దు. అది కరకరలాడితే తప్పు గిటార్‌దో కేబుల్‌దో తేలదు.

1. కంటితో, చేత్తో

బాడీ, రంగు, గీతలు రెండు నిమిషాల్లో చూసేయండి. చెక్క ఏ జాతిదన్న చర్చలో టైమ్ పోగొట్టుకోకండి. చవక రకాల్లో పాప్లర్ వాడతారు, అది చక్కటి చెక్కే. ఫ్రెట్‌బోర్డ్ మీద "ఇండియన్ లారెల్" అని రాసి ఉంటే అదేదో నాసిరకమని అనుకోవద్దు. 2017లో రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయంగా ఆంక్షలు పెరిగాక కంపెనీలు దాని వైపు తిరిగాయి. అది మన తూర్పు కనుమల్లో పెరిగే నల్లమద్ది.

నెక్ అంచుల వెంట అరచేయి పైకీ కిందికీ నడపండి. ఫ్రెట్ చివరలు కొద్దిగా గీరుకుంటే ఫర్వాలేదు. ఏసీ షోరూములో చెక్క ఎండి కుంచించుకుపోతే లోహం బయటికి పొడుచుకొస్తుంది. మన డెల్టా గాలికి వచ్చాక చాలావరకు సర్దుకుంటుంది. చేయి కోసేంత పదునుంటే మాత్రం వద్దు.

నెక్ చివర, 17వ ఫ్రెట్ తర్వాత, ఇ తీగ బయటి అంచుకు ఎంత దూరంలో ఉందో అన్నిటికన్నా సన్నని జి తీగ కూడా తన అంచుకు సుమారు అంతే దూరంలో ఉండాలి. జి తీగ అంచు మీదికి వచ్చేసి ఉంటే నెక్ వంకరగా బిగించారని అర్థం. వాయించేటప్పుడు తీగ జారిపోతుంది. షాపువాళ్లు అక్కడికక్కడే సరిచేస్తేనే ముందుకు వెళ్లండి.

2. శృతి చేసి, నిలబడి

ఇ, ఎ, డి, జి నాలుగూ ట్యూనర్‌తో సరిగ్గా శృతి చేయండి. స్ట్రాప్ వేసుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. తల భాగం నేల వైపు వాలిపోతుంటే, రెండు గంటల ప్రోగ్రాంలో మీ ఎడమ చెయ్యి స్వరం పట్టడానికి బదులు బరువు మోస్తుంది. కుర్చీలో కూర్చుని చూసి కొన్నవాళ్లకు ఈ సంగతి స్టేజీ ఎక్కాక తెలుస్తుంది.

మొదటి బేస్‌గా అయిదు తీగలది తీసుకోవద్దు. చవక అయిదు తీగల బేస్‌లో కింది బి తీగ, 31 హెర్ట్జ్‌ది, వదులుగా కొట్టుకుంటుంది. నాలుగు తీగలతో వాయించలేని చర్చి పాట నేను ఇంతవరకు చూడలేదు.

3. నెక్

ఇక్కడ తొందరపడకండి. మిగతావన్నీ బాగుచేయించుకోవచ్చు. నెక్ పోతే గిటార్ పోయినట్టే.

తీగలు పూర్తి శృతిలో ఉన్నప్పుడే నెక్ చూడాలి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను లాగే బలం 70 కిలోల పైనే, అంటే ఇంచుమించు మన ధాన్యం బస్తా బరువు. ఆ లాగుడు ఉన్నప్పుడు నెక్ ఎలా నిలబడిందన్నదే మనకు కావాలి. తీగలు వదులు చేసి చూస్తే ఏ నెక్కైనా బాగానే కనిపిస్తుంది.

ముందు మెలి ఉందేమో చూడండి. గిటార్‌ను వాయించే తీరులోనే పక్కకు నిలిపి పట్టుకుని, తల వైపు నుంచి ఒక కన్ను మూసి ఫ్రెట్‌బోర్డ్ మీదుగా బాడీ వైపు చూపు సారించండి. వడ్రంగి చిత్రిక పట్టిన చెక్కను కంటికెత్తి చూస్తాడే, అలాగ. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒకటి నిటారుగా, ఇంకొకటి ఓ పక్కకు ఒరిగి కనిపిస్తే నెక్ మెలి తిరిగింది. దాన్ని నెక్ లోపల ఉండే రాడ్డు కూడా సరిచేయలేదు. "సెటప్ చేస్తే పోతుంది" అని షాపతను అంటాడు. పోదు. కింద పెట్టేసి ఇంకో పీస్ అడగండి.

తర్వాత వంపు, అంటే తీగల లాగుడుకు నెక్ ముందుకు వంగడం. ఇ తీగను ఎడమ చేత్తో 1వ ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో 17వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు ఆ తీగే సరళరేఖ. 8వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో చూడాలి. మీతో వచ్చిన వాళ్లను విజిటింగ్ కార్డు దూర్చమనండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే కార్డు తీగను కదపకుండా కొంచెం పట్టుగా దూరాలి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అది కూడా సులువుగా దూరిపోతే వంపు బాగా ఎక్కువ. అసలు సందే లేకుండా తీగ ఫ్రెట్‌కు ఆనిపోతే నెక్ తిన్నగానో, వెనక్కి వంగో ఉంది.

వంపు ఎక్కువైనా తక్కువైనా నెక్ లోపలి ట్రస్ రాడ్‌తో (వంపు మార్చే లోహపు కడ్డీతో) సరిచేయవచ్చు, ఆ రాడ్ పనిచేస్తేనే. అందుకే రాడ్‌ను మీ కళ్లముందు తిప్పించి చూడాలి. తల వైపు నుంచి చూస్తూ కుడికి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ముందుకున్న వంపు తగ్గుతుంది. ఎడమకు తిప్పితే వదులై వంపు పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు. తిప్పాక మళ్లీ శృతి చేసి, అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ కార్డుతో చూడాలి. సందు మారితే రాడ్ బతికి ఉంది. షాపతను తిప్పనంటే ఆ షాపులో కొనకండి. రాడ్ పూర్తిగా వదులుగా ఉన్నా నెక్ ఇంకా వెనక్కే వంగి ఉంటే, అది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

మీరు సొంతంగా మాత్రం షాపులో తిప్పకండి. ఇంట్లో తిప్పినా, డబ్బాలో వచ్చిన కీతోనే తిప్పండి. ఒక సైజు తేడా ఉన్న అలెన్ కీ పెడితే గాడి అరిగిపోతుంది, ఇక ఏ కీ పట్టదు. గట్టిగా తగిలితే ఆపేయండి. మా ఊళ్లో ఒక కుర్రాడు తీగలు ఎత్తుగా ఉన్నాయని వీడియో చూస్తూ రాడ్ బిగించాడు, ఇంకా బిగించాడు. టక్‌మని శబ్దం వచ్చింది. కొత్త నెక్ వేయించే ఖర్చుకు ఇంకో సెకండ్ హ్యాండ్ బేస్ వచ్చేది. ఆ అబ్బాయి ముఖం నాకింకా గుర్తుంది. నేనిది రాయడానికి సగం కారణం అదే.

అతను చేసిన పొరపాటే అందరూ చేస్తున్నారు. తీగల ఎత్తు తగ్గించేది రాడ్ కాదు, బ్రిడ్జ్ మీది శాడిల్ (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలు. ముందు రాడ్‌తో వంపు సరిచేయాలి, ఆ తర్వాతే శాడిల్స్‌తో ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా కొలవండి. ఇ తీగకు 2.5, జి తీగకు 2 మిల్లీమీటర్లు ఉండాలి. శాడిల్స్ పూర్తిగా దించేసినా ఎత్తు ఇంకా ఎక్కువే ఉంటే వద్దనండి.

4. ప్రతి ఫ్రెట్, ప్రతి తీగ

నాలుగు తీగల మీదా మొదటి ఫ్రెట్ నుంచి చివరి దాకా ఒక్కో స్వరం మోగించండి. విసుగొచ్చినా చేయండి. ఆంప్ (యాంప్లిఫయర్) వద్దు, చెవి దగ్గరపెట్టి వినండి. మొదటి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర జర్రుమంటే వంపు తక్కువ. 12 దాటాక జర్రుమంటే తీగలు బాగా కిందికి ఉన్నాయి, లేదా నెక్ చివర పైకి లేచింది. ఒక్క చోటే జర్రుమంటే దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా ఉంది. ఏటీఎం కార్డు పొడుగు అంచును మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపండి. తూగుడుబల్లలా ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తు. మూడో ఫ్రెట్ లోపు దూరాలు ఎక్కువ కాబట్టి అక్కడ స్కేలు వాడాలి. ఒక ఫ్రెట్ ఎత్తుంటే రుద్దించవచ్చు, నాలుగైదుంటే వదిలేయండి.

జి తీగ మీద 5 నుంచి 7 దాకా ఎక్కడో ఒక స్వరం త్వరగా చచ్చిపోతుంది. ఆ స్వరం దగ్గర నెక్ కూడా కంపించి శక్తిని తాగేస్తుంది. లక్ష పెట్టినదాంట్లోనూ ఇది ఉంటుంది, దీని కోసం పీస్ తిప్పి పంపకండి.

5. 12వ ఫ్రెట్ శృతి

12వ ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి హార్మోనిక్ మోగించండి, తర్వాత అక్కడే నొక్కి మోగించండి. రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కింది ఎక్కువ చూపితే శాడిల్ వెనక్కి, తక్కువ చూపితే ముందుకు జరపాలి. జరపడానికి స్క్రూలో ఇంకా చోటు ఉంటే చాలు.

6. కరెంటు

ఇప్పుడు ఆంప్‌కు పెట్టండి. నాబ్‌లు తిప్పినప్పుడు, జాక్ కదిపినప్పుడు కరకర రాకూడదు. ఒక్క పికప్ మాత్రమే తెరిస్తే సింగిల్ కాయిల్ కాబట్టి గుయ్‌మంటుంది, అది సహజం. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే ఆ మోత బాగా తగ్గాలి. తగ్గలేదంటే రెండు పికప్‌లూ జత కుదరలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మీద 3వ ఫ్రెట్ జి స్వరం 49 హెర్ట్జ్. వాయిస్తుంటే మోత ఆ స్వరం కింద దాక్కుంటుంది. అందుకని చేతులు తీసి, నిశ్శబ్దంలో వినండి. తీగలు ముట్టుకుంటే మోత తగ్గడం మంచి గుర్తు, పెరిగితే లోపలి ఎర్త్ వైర్ చూపించాలి.

పందిరి ప్రోగ్రాంలలో మాత్రం వేరే జాగ్రత్త కావాలి. ఎర్తింగ్ లేని చోట తీగ పట్టుకుని మైక్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ముందు టెస్టర్ పెట్టి చూడండి.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజు రాడ్ జోలికి వెళ్లొద్దు. హైదరాబాద్ ఏసీలో ఉన్న చెక్క కోనసీమ తేమకు అలవాటుపడాలి. కేసు ఒక రాత్రి మూసి ఉంచి, మర్నాడు తీయండి. వారం తర్వాత విజిటింగ్ కార్డు పరీక్ష మళ్లీ చేయండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువుకు రెండు రోజుల ముందే చేయండి. కాకినాడ, అంతర్వేది వైపు సముద్రపు గాలికి శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి కదలవు. కొన్న నాడే ఒక్కో స్క్రూకు కుట్టు మిషన్ నూనె చుక్క వేసి తుడిచేయండి. వాయించిన ప్రతిసారీ తీగలను పొడి గుడ్డతో తుడవండి. తీగ కింది వైపు కూడా.