అంటు కాక్టస్ కాడ మెత్తబడిందా? కోసి బతికించడం ఎలా?

పచ్చని మూడు పలకల కాడ, దాని నెత్తిన ఎర్రగానో పసుప్పచ్చగానో ఓ ముళ్ల బంతి. నర్సరీల్లో మూన్ కాక్టస్ అని అమ్మేది ఇదే. చూడ్డానికి ఒకటే గానీ ఇవి రెండు మొక్కలు. పైబంతిలో క్లోరోఫిల్ లేదు, సొంతంగా తిండి తయారు చేసుకోలేదు. 1940ల్లో జపాన్‌లో ఇలాంటి ఎర్ర మొలకలను వేరే కాక్టస్‌కు అంటు కట్టి బతికించారు. కింది కాడ మనకు తెలిసిన డ్రాగన్ ఫ్రూట్ జాతిదే. ఆ కాడ కుళ్లిందంటే, పైన బంతి ఎంత నిగనిగలాడినా దానికి రోజులు దగ్గరపడ్డట్టే.

నల్లగొండలో మా డాబా మీద మొదటి మొక్క చచ్చింది ఎండకు కాదు, నీళ్లకు. "ఇంత ఎండల నీళ్లు పొయ్యకపోతే ఎట్ల బిడ్డా" అని మా అత్తమ్మ పొద్దున చెంబెడు పోసేది. ఆ సంగతి తెలియక సాయంత్రం నేనో చెంబు. కుండీలో ఉన్నదేమో కొబ్బరి పొట్టు. పైన పొడిగా కనిపిస్తుంది, వేలు లోపలికి పెడితే వారమైనా తడే.

ముందు నొక్కి చూడండి

కాడ అడుగు గోధుమరంగులోకి మారగానే టెన్షన్ పడకండి. బొటనవేలితో నొక్కండి. చెక్కలా గట్టిగా, పొడిగా ఉంటే అది ముదురు బెరడు, ఏ హానీ లేదు. కాడ ముడతలు పడి సన్నబడితే దాహం కావచ్చు, వేర్లు పోయి ఉండనూ వచ్చు. మట్టి తడిగా ఉండి కూడా ముడతలుంటే రెండోదే. వేలు దిగబడి, తడి ఊరి, ముక్కిన వాసన వస్తే మాత్రం కుళ్లే. నీళ్లు ఆపి, మొక్కను ఆరోజే కుండీలోంచి తీయండి. మట్టి దులిపితే నల్లబడి తోలు ఊడే వేర్లు కనిపిస్తాయి.

కోయడం

కొత్త కట్టర్ బ్లేడ్, స్పిరిట్ లేదా శానిటైజర్, కొంచెం దూది చాలు. మెత్తబడిన చోటికి అంగుళం పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖం మధ్యలో చిన్న ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. నీళ్లు పైకి వెళ్లే దారి అదే, కుళ్లు ఎక్కేదీ అటే. చుట్టూ కండ తెల్లగా ఉన్నా ఆ ఉంగరంలో ఒక్క గోధుమరంగు చుక్క కనిపించినా, బ్లేడ్ తుడిచి ఇంకో పలుచని చక్రం కోయండి. తుడవకుండా కోస్తే రోగాన్ని మనమే పైకి మోసినట్టు. ఉంగరమంతా శుభ్రమయ్యేదాకా ఆగొద్దు.

బంతి కింద రెండు మూడు అంగుళాల మంచి కాడ మిగిలితే పని సులువు. ఎండ తగలని, గాలి ఆడే చోట వారం రోజులు ఆరబెట్టండి. ముసురు పట్టినప్పుడైతే పది రోజులు. కోసిన ముఖం ఎండి పొర కట్టాలి. పసుపు అద్దమని చాలామంది చెబుతారు. అద్దినా నష్టం లేదు గానీ, లోపల మిగిలిన కుళ్లును పసుపు ఆపదు.

తర్వాత అడుగున రంధ్రమున్న చిన్న కుండీలో రెండు పాళ్లు జల్లించిన ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, ఒక పాలు ఎర్రమట్టి వేసి నాటండి. నల్లరేగడి వద్దే వద్దు. వారం పది రోజులకు మొదటిసారి కొద్దిగా నీళ్లు.

కాడంతా పోతే

బంతిని ఒక్కదాన్నే మట్టిలో పెడితే బతకదు. కొత్త కాడ కావాలి. డ్రాగన్ ఫ్రూట్ పెంచేవాళ్లనడిగి వేరూనిన ముక్క ఒకటి తెచ్చుకోండి. చేను గట్ల మీది నాగజెముడు కూడా పనికొస్తుంది. తుంచితే పాలు కారే జెముడు మాత్రం కాక్టస్సే కాదు, దానికి ఈ అంటు అతకదు.

కాడ తల సమంగా కోసి, మూడు అంచులను ఏటవాలుగా చెక్కండి. లేకపోతే ఆరాక మధ్య భాగం కుంగి, అంచులు బంతిని పైకి లేపేస్తాయి. బంతి అడుగునూ శుభ్రంగా కనిపించేదాకా కోసి, తడి ఆరకముందే కాడ మీద ఆనించి, గాలి బుడగలు పోయేలా కొంచెం తిప్పండి. రెండు ఉంగరాలు ఎక్కడో ఒకచోట తాకాలి, సైజు కలవకపోతే బంతిని పక్కకు జరపండి. ఈ ముఖాలకు మాత్రం పసుపు, మందు ఏదీ పూయకూడదు. కుండీ అడుగు నుంచి బంతి మీదుగా రెండు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా వేసి నీడలో ఉంచండి. పది రోజులకు తీసి మెల్లగా కదపండి. కదలకపోతే అతికినట్టే.

రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు, మృగశిర వచ్చి వేడి తగ్గాక అయితే త్వరగా అతుకుతుంది. కుళ్లు మొదలయ్యాక మాత్రం కార్తె చూస్తూ కూర్చోలేం. ఇంట్లో కిటికీ పక్కన పెట్టి కానిచ్చేయండి.

ఇక బంతే నీరుకారిపోయిందా, దాన్ని తీసి పారేయండి. కాడ గట్టిగా ఉంటే ఉంచుకోండి. మా రెండో మొక్క కాడ అలా మిగిలిందే, ఇప్పుడు పిట్టగోడ ఎక్కి పాకుతోంది.